పీజేఆర్‌కి 2004లో మంత్రి పదవి ఎందుకు దక్కలేదు?

హైదరాబాద్‌లో ఐదుసార్లు గెలిచిన ఎమ్మెల్యేలు ఇంకా ఉన్నారు. కానీ కాంగ్రెస్ నేత పి. జనార్దన్ రెడ్డి (పీజేఆర్) గెలిచిన ఏళ్లు చూడండి: 1978, 1985, 1989, 1994, 2004. వీటిలో 1985, 1994 ఎన్టీఆర్ గాలి వీచిన ఏళ్లు. 1994లో 294 స్థానాల్లో కాంగ్రెస్‌కి మిగిలినవి 26. అందులో ఆయన నియోజకవర్గం ఖైరతాబాద్ ఒకటి. కాంగ్రెస్ శాసనసభా పక్షం (సీఎల్పీ) నాయకత్వం ఆయనకే దక్కింది.

ఈ బలం బస్తీలది, కార్మిక సంఘాలది. బంజారాహిల్స్ బంగళాలు, వాటి పక్కనే గుడిసెలు, అటు కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి దాకా ఒకే నియోజకవర్గం. వేసవి వస్తే ఖాళీ బిందెలతో ఆడవాళ్లు ముందు, పీజేఆర్ వాళ్లతో పాటు. కుళాయి రాకపోతే ఎవరి ఇంటికి వెళ్లాలో బస్తీలో చిన్న పిల్లాడిని అడిగినా చెప్పేవాడు. ఇదంతా చేసినా 1999లో సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు చేతిలో ఓడారు. బస్తీ ఓటుకూ ఒక హద్దుందని అప్పుడే తెలిసింది.

2004లో మళ్లీ గెలిచారు, పార్టీ అధికారంలోకి వచ్చింది. అంతకుముందు కార్మిక మంత్రిగా చేసిన మనిషి, సీఎల్పీ నేతగా పార్టీని మోసిన మనిషి. అయినా వైఎస్ కేబినెట్‌లో చోటు లేదు. ఇది వర్గ రాజకీయమేనని చాలామంది అంటారు. అంతేనా? సొంత జనం ఉన్న నాయకుడు పదవి ఇచ్చినా చెప్పుచేతల్లో ఉండడు. ముఖ్యమంత్రులకు అసలు ఇబ్బంది అదే.

పోతిరెడ్డిపాడు దగ్గర ఆ సంగతి బయటపడింది. శ్రీశైలం నుంచి రాయలసీమకు నీళ్లు వదిలే గేట్ల కట్టడం, అంటే ఈ హెడ్‌రెగ్యులేటర్ సామర్థ్యాన్ని 44 వేల క్యూసెక్కులకు పెంచుతామని 2005లో ప్రభుత్వం అంటే, అధికార పార్టీ ఎమ్మెల్యే అయ్యుండీ ఆయన ఎదురు తిరిగారు. మంత్రి పదవి రాలేదన్న కోపం అనుకున్నవాళ్లున్నారు. కోపం లేదని నేనూ అనను. కానీ హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు వచ్చేది శ్రీశైలం కింద ఉన్న నాగార్జునసాగర్ నుంచి. పైన గేటు పెద్దదైతే బిందె ఖాళీ అవుతుందన్నది ఖైరతాబాద్ ఎమ్మెల్యేకి సొంత లెక్కే.

2007 డిసెంబర్‌లో గుండెపోటుతో పోయారు. 2008 ఉప ఎన్నికలో కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచారు. మరుసటి ఏడాది నియోజకవర్గాల పునర్విభజనలో ఖైరతాబాద్ ముక్కలైంది. ఆయన జూబ్లీహిల్స్‌కి మారి అక్కడా గెలిచారు, 2014లో ఓడారు. 2023లో కాంగ్రెస్ టికెట్ దక్కక బీఆర్ఎస్‌లో చేరితే, అక్క విజయారెడ్డి అదే కాంగ్రెస్ టికెట్‌పై ఖైరతాబాద్‌లో పోటీచేసి ఓడిపోయారు. పేరు వారసత్వంగా వచ్చింది. పొద్దున్నే ఇంటి గేటు ముందు నిలబడే జనం అలా రారు.

2025లో కొండాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) వైపు వెళ్లే ఫ్లైఓవర్‌కి పీజేఆర్ పేరు పెట్టారు. ఐటీ ఉద్యోగులు తిరిగే దారి అది. ఆ ప్రాంతమూ ఒకప్పుడు ఆయన నియోజకవర్గమే కాబట్టి పేరు తప్పేమీ కాదు. నాకైతే బోరబండలో ఒక నీళ్ల ట్యాంకుకి పెట్టి ఉంటే ఇంకా నప్పేదనిపిస్తుంది.