కరెంటు వైరు మారిస్తే పాట మారిపోతాదేటి?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, సౌండ్ సిస్టం పిచ్చి ఉన్నోళ్లకి ఈపాటికి వచ్చే ఉంటాది. విషయం ఏటంటే, యాంప్లిఫయర్‌తో పాటు డబ్బాలో వచ్చిన కరెంటు వైరు ఉత్త చెత్త, దాన్ని పీకేసి మంచి పవర్ కార్డ్ తగిలిస్తే బేస్ గట్టిపడతాది, గొంతు ముందుకొస్తాది, పాట వెనకాల గరగర అంతా పోతాది అని. మా విజయనగరంలోనే దాసన్నపేటలో ఉండే మా బావ ఇది చదివి 32,000 పెట్టి ఒకటి తెప్పించీసేడు. బొటనవేలంత లావు, పాము కుబుసం లాంటి అల్లిక తొడుగు, రెండు చివర్లా మెరిసిపోయే ప్లగ్గులు. చూడ్డానికి బాగుంది, కాదనను. కానీ ఆ మెసేజ్‌లో మాటలు ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తే నిలబడేవి తక్కువ, అందుకే ఆదివారం పూట కూర్చుని ఇదంతా టైపు చేస్తున్నాను.

అందరినీ పడగొట్టే మాట మొదటిదే. "కరెంటు ఎంత దూరం నుంచి వచ్చినా మీ యాంప్లిఫయర్ చూసేది ఆఖరి ఒక్క మీటరు పొడవు వైరునే."

వినడానికి భలే ఉంది గానీ అది ఆఖరి మీటరు ఎలా అయింది? యాంప్లిఫయర్ లోపలికెళ్తే ముందు వెంట్రుకంత ఫ్యూజు తీగ, దాని తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట, అంటే ఎనామిల్ పూసిన సన్న రాగి తీగ వందల చుట్లు. ఎంత లావు వైరులోంచి వచ్చిన కరెంటైనా ఆ సన్న తీగలోంచి దూరి వెళ్లాల్సిందే. బావ వాళ్లింట్లో ఇది కొలిచి చూపించేను కూడా. ప్లగ్గు గోడలోంచి పీకీసి, యాంప్లిఫయర్ స్విచ్ మాత్రం ఆన్‌లో ఉంచి, ప్లగ్గు ఫేజు, న్యూట్రల్ పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే 5.1 ఓంలు చూపించింది, ఓం అంటే కరెంటుకి ఎంత అడ్డు తగులుతోందో చెప్పే కొలత. అందులో డబ్బాలో వచ్చిన వైరు వాటా ఎంత? ఒకటిన్నర మీటరు పొడవు, 0.75 స్క్వేర్ వైరు (అంటే లోపలి రాగి లావు 0.75 చదరపు మిల్లీమీటర్లు), రానూపోనూ మూడు మీటర్లు, లెక్కేస్తే 0.08 ఓం. మిగతా 5 ఓంలూ డబ్బా లోపలివే. మీటరు బోర్డు నుంచి హాల్లో బోర్డు దాకా గోడల్లో ఉన్న 2.5 స్క్వేర్ వైరు 18 మీటర్లు, రానూపోనూ 36, అది ఇంకో 0.27 ఓం. బయట స్తంభాల మీదున్నదైతే అసలు రాగే కాదు, అల్యూమినియం, హుద్‌హుద్ తుఫానుకి తెగిపోతే మళ్లీ లాగి కట్టినవి. ఇంత సరంజామా మధ్యలో ఒకటిన్నర మీటరు మార్చి ఊరంతా కడిగీసినట్టు చెప్తే ఎలా?

రెండోది, "గొట్టం లావైతే నీళ్లు ఎక్కువొస్తాయి, వైరు లావైతే కరెంటు ఎక్కువొస్తాది, బేస్ కొట్టినప్పుడు యాంప్లిఫయర్‌కి ఊపిరాడతాది." 

ఈ గొట్టం పోలికే తీసుకుందాం. మీ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లు ఎక్కడ్నుంచి వస్తాయి, మేడ మీద ట్యాంకు నుంచి కదా, బోరు మోటారు గొట్టం లావుగా ఉందా సన్నగా ఉందా అని కుళాయికి తెలీదు. యాంప్లిఫయర్‌లో ఆ ట్యాంకు పని చేసేవి కెపాసిటర్లు. బావ దాంట్లో 10,000 మైక్రోఫారడ్‌వి రెండున్నాయి, చిన్న టీగ్లాసుల్లా ఉంటాయి. ఏసీని డయోడ్లు డీసీ చేసి సెకనుకి 100 సార్లు వాటిని నింపుతుంటాయి, డోలు మీద దెబ్బ పడినప్పుడు స్పీకర్‌కి వెళ్లే కరెంటు ముందు వీటిలోంచే వెళ్తాది. 

పోనీ ఓల్టేజి ఎంత పడిపోతాదో కూడా చూద్దాం. ఇంట్లో మామూలుగా వినే సౌండ్‌కి ఆ యాంప్లిఫయర్ లాగేది 60 వాట్లు, 230 ఓల్టుల దగ్గర అది 0.26 ఆంపియర్. కెపాసిటర్లు నిండే ఆ క్షణంలో మాత్రం ఎక్కువ లాగుతాది, 5 ఆంపియర్లు వేసుకోండి, అప్పుడు కూడా పాత వైరులో పోయేది 0.4 ఓల్టు. 230లో 0.4! ఇదే ఇంట్లో సాయంత్రం ఏడింటికి, వీధంతా టీవీలూ ఏసీలూ వేసుకున్న టైములో మీటరు పెడితే 212 ఉంది, రాత్రి పదకొండుకి 234. ఇరవై రెండు ఓల్టులు తేడా వస్తే బావ ఎప్పుడూ "ఏరా, ఇప్పుడు బేస్ తగ్గింది" అనలేదు మరి, అర ఓల్టుకి ఊపిరి ఆగిపోయిందంట.

తర్వాత తీగకి వెండి పూత, ఆక్సిజన్ లేని రాగి, కరెంటు ఇటువైపే పోవాలని వైరు మీద బాణం గుర్తు, 200 గంటలు వాడితే గానీ సెట్ అవ్వదు, ఇవన్నీ ఒక గంపలో వేసీవచ్చు. వెండి రాగి కంటే కరెంటుని మోసేది ఆరు శాతం మెరుగు, అంతే, ఆ ఆరు శాతం కావాలంటే వైరు పది సెంటీమీటర్లు పొట్టిగా కొనుక్కున్నా వచ్చీస్తాది. ఆక్సిజన్ లేని రాగికీ మామూలు ఎలక్ట్రికల్ రాగికీ తేడా ఒక శాతం కూడా కష్టం. బాణం సంగతైతే నవ్వాలో ఏడవాలో తెలీదు, మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి వంద సార్లు అటూ ఇటూ తిరుగుతాది, ఏ వైపు బాణం పెడితే ఏ కరెంటు చూసుకుంటాది బాబూ. ఇంకొకటి "స్కిన్ ఎఫెక్ట్", కరెంటు వైరు పైపైనే పోతాది కాబట్టి స్పెషల్ అల్లిక కావాలంట. స్కిన్ ఎఫెక్ట్ నిజమే, కానీ 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ లోతు 9 మిల్లీమీటర్లు పైనే, ఇంట్లో వైరు మొత్తం లావే అంత లేదు. మరి 200 గంటలూ? తిరిగిచ్చే గడువు అయిపోవడానికి పనికొస్తాది.

"కరెంటులో వచ్చే నాయిస్‌ని ఆపేస్తాది" అన్నది మాత్రం కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది, బావ కొన్నదీ దీనికోసమే. కరెంటులో చెత్త ఉంటాది, అది నిజం. మిక్సీ మోటారు బ్రష్‌లు నిప్పులు రాల్చినప్పుడు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ సగంలో పెట్టినప్పుడు, పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు గరగరమనడం మీరూ వినే ఉంటారు. కొత్త వైరు మీదున్న ఆ అల్లిక తొడుగు గాల్లోంచి వైరుకి అంటుకునేదాన్ని కొంత ఆపుతాదేమో గానీ గోడ సాకెట్టులోంచి అప్పటికే కరెంటుతో కలిసి వచ్చీసినదాన్ని ఆపలేదు. దానికి ఫిల్టర్ కావాలి, కాయిల్, కెపాసిటర్ ఉన్నది. ఒట్టి వైరు ఫిల్టర్ అవ్వదు.

బావ ఇంట్లో అసలు గొడవ గుయ్‌మనే శబ్దం, పాట ఆపినా స్పీకర్లలో సన్నగా గుయ్యి. కొత్త కార్డ్ తగిలించినా పోలేదు, "ఇంకా సెట్ అవ్వలేదురా" అన్నాడు. నేను వెళ్లి ఒక్కో వైరూ పీకుకుంటూ వచ్చేను, సెట్‌టాప్ బాక్స్ వెనకాల కేబుల్ టీవీ వైరు విప్పగానే గుయ్యి టప్పున ఆగింది. మళ్లీ బిగిస్తే మళ్లీ గుయ్యి. అంటే గ్రౌండ్ లూప్, కేబుల్ పైతొడుగు ద్వారా బయటి ఎర్తూ, గోడ ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్తూ, రెండూ టీవీ మీదుగా యాంప్లిఫయర్‌లో కలుస్తున్నాయి, ఆ రెండు ఎర్తుల మధ్య చుట్టూ తిరిగే కరెంటే ఈ గుయ్యి. టీవీ నుంచి యాంప్లిఫయర్‌కి ఉన్న ఎరుపు తెలుపు పిన్నుల వైరు తీసీసి, గంటస్తంభం దగ్గర 350 పెట్టి ఆప్టికల్ వైరు కొని వేసేం. అందులో వెళ్లేది వెలుతురే, కరెంటు కాదు, లూప్ తెగిపోయింది. కొందరు ఇలాంటి గుయ్యి పోవడానికి ప్లగ్గు పైనున్న ఎర్త్ పిన్ను విరిచీస్తారు. గుయ్యి పోతాది కూడా, కానీ ఎప్పుడైనా లోపల ఫేజు బాడీకి తగిలిందంటే మనిషే పోతాడు, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇంక ఆఖరి మాట, అన్నిటికంటే చిరాకు పుట్టించేది. "తేడా వినిపించకపోతే మీ చెవులకి అంత శిక్షణ లేదు." 

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు, ఘంటసాల సంగీతం చదువుకున్న ఊరు ఇది, విజయనగరంలో చెవుల గురించి మాట్లాడితే ఎలా ఊరుకుంటాం. 2004లో అమెరికాలో హైఫై మనుషులే, అంటే ఖరీదైన సౌండ్ సిస్టం పిచ్చి ఉన్నోళ్లే కూర్చుని ఏ వైరో తెలీకుండా వింటూ పరీక్ష చేసుకున్నారు, 149 జవాబుల్లో 73 కరెక్టు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తాది. 

మేమూ చేసేం. బావ తెచ్చుకున్న ఘంటసాల పాటే, బావ సోఫాలో స్పీకర్ల వైపు తిరిగి కూర్చున్నాడు, అక్క యాంప్లిఫయర్ వెనకాల దుప్పటి అడ్డం పెట్టింది, మేనకోడలు రూపాయి ఎగరేసి బొమ్మ పడితే పాము వైరు, బొరుసు పడితే కంప్యూటర్‌కి వాడే నల్ల వైరు. ఏది పడినా ఒకసారి పీకి మళ్లీ పెట్టాలి, చప్పుడు బట్టి తెలిసిపోకూడదని. పది సార్లు. మూడోసారి బావ కళ్లు మూసుకుని "ఆ... ఇదీ, గొంతు చూడు ఎలా ముందుకొచ్చిందో" అన్నాడు, దుప్పటి వెనకాల మేనకోడలు నోట్లో గుడ్డ కుక్కుకుంది, అది కంప్యూటర్ వైరు. పదికి నాలుగు కరెక్టు. పదికి తొమ్మిది వచ్చుంటే నేనే ఈ పోస్టు రాసుండేవాడిని కాదు, ఊరికే గుడ్డిగా చెప్తే తొమ్మిదీ ఆ పైనా రావడం వందలో ఒకసారి.

బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పాము వైరే మళ్లీ తగిలించమన్నాడు, "కొన్నాను కదరా, ఉండనీ." ఉంచేం. కాకపోతే ఆ బరువుకి వెనకాల సాకెట్టులోంచి జారి లూజై చిటచిటమంటోంది, అందుకని దాని కింద ఒక ఇటుక ముక్క పెట్టేం.