ఆ తరుగు ఎక్కడికి పోయినట్టు?

ఉదయం ఆరు గంటలు. షిఫ్టు మారే వేళ. బంకు మేనేజర్ ట్యాంకు మూత తీసి, పొడవాటి డిప్ రాడ్‌ను నిలువుగా లోపలికి దించుతాడు. అది అడుగు తాకిన చప్పుడు వినిపించాక పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, చార్టులో ఆ సెంటీమీటర్లకు ఎదురుగా ఉన్న లీటర్లను రిజిస్టర్‌లో రాసుకుంటాడు. రాడ్ చివర పూసిన పేస్ట్ రంగు మారిందంటే ట్యాంకులోకి నీళ్లు దిగాయని గుర్తు. నిన్నటి నిల్వకు వచ్చిన లోడు కలిపి, అమ్మినది తీసేస్తే ఎంత మిగలాలో అంత ఉండాలి. ఎప్పుడూ ఉండదు. రోజూ కొంత తేడా వస్తుంది. బంకు భాషలో దాని పేరు తరుగు.

తరుగు వస్తే అనుమానం ముందు మనుషుల మీదికి పోతుంది. లోడు తెచ్చిన డ్రైవర్ దారిలో తీశాడా, పంపు దగ్గరి కుర్రాడు చెయ్యి వాటం చూపించాడా అని. ఆ తర్వాత పంపు కొలత మీద, ఎండ మీద. ఎండ వాదన వట్టిది కాదు. మధ్యాహ్నం డిపోలో వేడి మీద నింపిన 12 వేల లీటర్ల పెట్రోల్, నేల కింద ఐదు డిగ్రీలు చల్లబడితే 70 లీటర్ల దాకా కుంచించుకుపోతుంది. పోయినదేమీ లేకపోయినా పుస్తకంలో మాత్రం తరుగు పడుతుంది. ఇన్ని కారణాలు చేతిలో సిద్ధంగా ఉంటే, ట్యాంకుకు చిల్లు పడిందేమో, పైపు జాయింటు వదులైందేమో అనే ఆలోచన ఆఖరికి గానీ రాదు. అప్పటికి నేల తాగాల్సింది తాగేసి ఉంటుంది.

గంటకు ఒక టీ గ్లాసుడు, అంటే వంద మిల్లీలీటర్లు కారుతోందనుకుందాం. రోజుకు రెండు లీటర్ల నాలుగు వందలు. రోజుకు వేల లీటర్లు అమ్మే బంకులో ఆ తేడాను ఎవరు పట్టించుకుంటారు? ఏడాది తిరిగేసరికి అది 870 లీటర్లు దాటుతుంది. అమెరికాలో ట్యాంకులకు నెలనెలా చేయాల్సిన లీకు పరీక్షకు పెట్టిన ప్రమాణమే గంటకు 0.2 గ్యాలన్, అంటే ముప్పావు లీటరు. మన టీ గ్లాసు లీకు ఆ పరీక్షకు కూడా దొరకకుండా జారిపోవచ్చు. ఇక డిప్ రాడ్ సంగతి చెప్పేదేముంది!

పెట్రోల్‌లో భయపడాల్సింది బెంజీన్ గురించి. రక్త క్యాన్సర్‌కు కారణమవుతుందని తేలిన పదార్థం ఇది. మన బీఎస్-6 పెట్రోల్‌లో ఒక శాతం వరకు ఉండొచ్చు. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి లెక్క కడితే, ఒక్క లీటరు పెట్రోల్‌లోని బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు నూట అరవైకి పైనే అన్నమాట. పాత బంకుల కింద ఇంకో బాకీ కూడా ఉండొచ్చు. 2000 సంవత్సరం దాకా మనం సీసం కలిపిన పెట్రోల్ వాడాం. ఇగిరిపోవడానికో, సూక్ష్మజీవులు తినేయడానికో సీసం పెట్రోల్ కాదు.

కారిన ఇంధనం ఎటు పోతుందన్నది కింద ఉన్న నేలను బట్టి ఉంటుంది. డెల్టాలో నీరు పైపైనే ఉంటుంది కాబట్టి త్వరగా అందుకుంటుంది. నీటికన్నా తేలిక కనుక దాని మీద తెట్టులా పరుచుకుంటుంది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. పైన చివికిన పొర, దాని కింద పగుళ్లు. ఏ పగులు ఏ బోరుకు దారి తీస్తుందో బోరు వేసిన వాడికే తెలియదు. పక్కింటి బోరు బాగానే ఉండి, మూడు వీధుల అవతలి బోరు వాసన కొట్టవచ్చు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చింది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, దానికోసం తయారు కాని పాత ట్యాంకులను, అమరికలను ఇబ్బంది పెడుతుంది. మట్టిలోకి దిగాక సూక్ష్మజీవులు ముందు ఇథనాల్‌నే తింటాయి. అక్కడున్న ఆక్సిజన్ దాంతోనే ఖర్చయిపోతుంది. బెంజీన్ వంతు వచ్చేసరికి అది ఇంకాస్త దూరం నడిచి ఉంటుంది. ఇథనాల్ వద్దని మేం అనడం లేదు. కిందున్న పాత ఇనుప ట్యాంకు సంగతి కూడా చూడమంటున్నాం.

తరుగును పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే హవాయికి పోవాలి. హొనలులు దగ్గర రెడ్ హిల్ అనే కొండ కడుపులో అమెరికా నౌకాదళం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 20 ట్యాంకులు కట్టింది. ఒక్కొక్కటి 250 అడుగుల ఎత్తు. వాటి అడుగుకు వంద అడుగుల కింద ఆ దీవి తాగే నీరు. 2021 మే 6న అక్కడ పైపు పగిలి విమాన ఇంధనం కారింది. పోయింది 1,600 గ్యాలన్ల దాకా అని లెక్క తేల్చారు. నిజానికి పోయింది సుమారు 20 వేల గ్యాలన్లు, మన లెక్కలో 75 వేల లీటర్లు. మిగతాదంతా మంటలార్పే వ్యవస్థకు చెందిన ఒక డ్రైనేజీ పైపులోకి చేరి, ఆరు నెలలకు పైగా అక్కడే కూర్చుంది. నిల్వ లెక్కలో తేడా కనిపిస్తూనే ఉంది. ఆ తేడా వెంట పడిన వాళ్లు లేరు. నవంబర్ 20న సొరంగంలో తిరిగే ఒక చిన్న బండి ఆ పైపుకు తగిలింది. కొద్ది రోజులకే నౌకాదళ కుటుంబాల కుళాయిల్లో ఇంధనం కంపు. ఆ నీటి సరఫరా మీద ఆధారపడ్డ వాళ్లు సుమారు 93 వేల మంది. నీళ్లు బాగానే ఉన్నాయని మొదట అధికారులు చెప్పుకొచ్చారు. 2022 మార్చిలో ఆ కేంద్రాన్ని పూర్తిగా మూసేయాలని అమెరికా రక్షణ మంత్రి ఆదేశించాల్సి వచ్చింది.

డబ్బుకు, యంత్రాలకు కొదవ లేని నౌకాదళం లెక్కే ఇలా తప్పితే, ఊరి చివర బంకు రిజిస్టర్‌ను ఎంతవరకు నమ్మాలి?

మనకు దగ్గర్లో జరిగిన ముచ్చటా ఉంది. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న ఉత్తర చెన్నైలో, తండయార్‌పేట ఇళ్ల బోర్లలో 2013లో నీళ్లతో పాటు ఇంధనం వచ్చింది. అక్కడ కారింది ట్యాంకు కాదు, నేల కింది పైప్‌లైన్. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గమనించాల్సింది ఏమిటంటే, లీకును ముందు పట్టుకున్నది ఏ మీటరూ కాదు, నీళ్లు తోడుకున్న జనం ముక్కు.

అమెరికా కూడా మొదట్లో ఇలాగే నిద్రపోయింది. 1984లో చట్టం తెచ్చింది. 1998 డిసెంబర్‌లోగా పాత ట్యాంకులను బాగు చేయాలి, లేదంటే మూసేయాలి అని గడువు పెట్టింది. చట్టం వచ్చినప్పటి నుంచి అక్కడ ధ్రువపడిన లీకులు 5.7 లక్షలకు పైగా. పదింట తొమ్మిది దాకా శుభ్రం చేశారు. ఇంకా 50 వేలకు పైగా మిగిలే ఉన్నాయి. శుభ్రం చేయడమంటే మాటలా? కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం పెట్రోల్‌లో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం దిగిందని 1996లో బావులు మూసేసింది. ఊరి నీటిలో దాదాపు సగం వాటి నుంచే వచ్చేది. చమురు కంపెనీలతో కోర్టుల్లో పోరాడి, శుద్ధి కేంద్రం కట్టుకుని, ఆ నీళ్లు మళ్లీ తాగడానికి దాదాపు 15 ఏళ్లు పట్టింది.

పని పద్ధతి తెలియనిదేమీ కాదు. ట్యాంకు చుట్టూ బోర్లు వేసి వేర్వేరు లోతుల్లో మట్టి తీస్తారు. ఆ మట్టి నుంచి వచ్చే ఆవిరిని మీటరుతో కొలుస్తారు. కనీసం మూడు పరిశీలన బావులు తవ్వితే నీరు ఎటు వాలి పారుతోందో తెలుస్తుంది, కాలుష్యం ఎటు నడుస్తోందో దాన్ని బట్టి చెప్పొచ్చు. తక్కువైతే మట్టిని తవ్వి తీసేస్తారు. అలా తీసిన మట్టిని ఏ చెరువు గట్టునో పోయకుండా దుండిగల్, పరవాడల్లో ఉన్నట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఎక్కువైతే మట్టిలోని ఆవిరిని పంపులతో లాగుతారు, నీటి అడుగున గాలి ఊదుతారు, లేదంటే చమురు తినే సూక్ష్మజీవులకు పని అప్పజెబుతారు. ఆ చివరి పనిలో మన టెరీ పరిశోధన సంస్థ తయారు చేసిన ‘ఆయిల్ జాపర్’ బ్యాక్టీరియా మిశ్రమం చమురు క్షేత్రాల్లో ఎప్పటి నుంచో వాడుకలో ఉంది. కాబట్టి మనకు చేతకాదన్న సాకు చెల్లదు.

ఇక నిబంధనలు. కొత్త బంకు బడికీ ఆస్పత్రికీ ఇళ్లకూ 50 మీటర్ల దూరంలో ఉండాలని, తప్పనిసరైతే అదనపు భద్రతతో 30 మీటర్లకు తగ్గకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో చెప్పింది. మంచిదే. అయితే నేల కింద పగులుకు 50 మీటర్ల లెక్క తెలియదు. ఎన్నో ఏళ్ల క్రితమే రావాల్సిన కలుషిత స్థలాల నిబంధనలు ఎట్టకేలకు 2025 జులైలో వచ్చాయి. అనుమానం ఉన్న స్థలాల జాబితా ఆరు నెలలకోసారి ఇవ్వాలట, ప్రాథమిక పరిశీలన 90 రోజుల్లో తేల్చాలట. కారకులు ఎవరో పట్టుకుని ఖర్చు వారి చేతే పెట్టించాలట. తీరా శుభ్రం చేయడం ఎప్పటికి ముగించాలి అన్న దగ్గర గడువు లేదు. అప్పటికి దేశం మొత్తం మీద గుర్తించిన కలుషిత స్థలాలు 103, వాటిలో పని మొదలైనవి ఏడు. దేశంలో పెట్రోల్ బంకులేమో లక్ష దాటాయి. పదేళ్లలో దాదాపు రెట్టింపు. ఇన్ని బంకుల కింద ఉన్న నేల ఆ జాబితాలోకి తనంత తానే నడిచి రాదు.

అందుకే మేం అడిగేది ఒక్కటే, అదీ చిన్నది. బంకు మూసేటప్పుడు, ట్యాంకు మార్చేటప్పుడు గొయ్యిలోని మట్టిని పరీక్షించకుండా పూడ్చనివ్వొద్దు.

స్థలం లీజు ముగుస్తుంది, వారసులు పంచుకుంటారు, రోడ్డు వెడల్పవుతుంది. బంకు ఎత్తేస్తారు. జేసీబీ వచ్చి తుప్పు పట్టిన ట్యాంకును బయటికి లాగుతుంది. లోపల గ్యాస్ లేదని సర్టిఫికెట్ వచ్చాక గానీ దాని మీద కట్టర్ పెట్టకూడదు, పేలుతుందని. ఆ జాగ్రత్త ట్యాంకు వరకే. అది పడుకున్న గొయ్యి అంచున మట్టి ఎర్రగా ఉండాల్సిన చోట బూడిద పచ్చ రంగులోకి తిరిగి, కంపు కొడుతున్నా, దానికి సర్టిఫికెట్ అడిగే ఆనవాయితీ మన దగ్గర స్థిరపడలేదు. నాలుగు లారీల మొరం పోసి చదును చేస్తారు. ఏడాది తిరిగేసరికి అక్కడ అపార్ట్‌మెంటు లేస్తుంది.

ప్లాటు కొనేటప్పుడు మనం చూడనిదంటూ ఉండదు. ఈసీ తీయిస్తాం, లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కు చూపిస్తాం, ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అని టేపు పట్టి కొలిపిస్తాం. ఇక్కడ పాతికేళ్లు పెట్రోల్ ట్యాంకు ఉండేదా అని మాత్రం అడగం. ఆ ఈశాన్యంలోనే సంపు తవ్వుతాం. సెల్లార్‌లోకి ఆవిరి పాకుతుందని, ప్లాస్టిక్ నీటి పైపు గోడలోంచి కూడా బెంజీన్ లోపలికి దిగగలదని అమ్మేవాడు చెప్పడు, కొనేవాడికి తెలియదు. ఆ గొయ్యి మట్టి పరీక్ష నివేదికను ఈసీలాగే రిజిస్ట్రేషన్ కాగితాల్లో చేర్చాలన్నది మా సూచన.

డీలర్లు భయపడతారని తెలుసు. కమీషన్ మీద బతికే చిన్న డీలర్ నెత్తిన కోట్ల ఖర్చు వేయడం న్యాయమూ కాదు. చాలాచోట్ల ట్యాంకులు, పంపులు చమురు కంపెనీలవే. లాభం వాళ్ల దగ్గరికి పోయేటప్పుడు లీకు మాత్రం డీలర్ దగ్గర ఆగకూడదు. పైగా శిక్షకు భయపడి డీలర్ లీకును దాచిపెట్టే పరిస్థితి వస్తే అసలుకే మోసం. అమెరికా 1986లో దీనికి దారి వెతికింది. గ్యాలన్‌కు పదో వంతు సెంటు పన్నుతో ఒక నిధి పెట్టింది. బాధ్యులు దొరకని చోట, దొరికినా చేతులెత్తేసిన చోట ఆ డబ్బుతో శుభ్రం చేస్తారు. మన రూపాయల్లో అది లీటరుకు రెండు పైసలు, ఆ పైన చిల్లర. 2024-25లో మనం వాడింది 4 కోట్ల టన్నుల పెట్రోల్, 9 కోట్ల టన్నులకు పైగా డీజిల్. లీటరుకు రెండు పైసల చొప్పున ఏడాదికి 300 కోట్ల రూపాయలు దాటుతుంది. పెట్రోల్ మీద ఇప్పటికే ఇన్ని పన్నులు కట్టే జనం దగ్గర మళ్లీ వసూలు చేయనక్కర్లేదు. ఉన్న పన్నుల్లోంచే ఆ రెండు పైసలు పక్కన పెట్టొచ్చు.

లైసెన్సు ఒక శాఖది, కొలతలు మరో శాఖవి, భూగర్భ జలం ఇంకో శాఖది, కాలుష్యం మండలిది. ఇన్ని శాఖల ఉమ్మడి కమిటీ వేసి ఏడాది గడపమని మేం అడగడం లేదు. ట్యాంకు తీసే రోజు ముందే తెలుస్తుంది. జేసీబీ అప్పటికే అక్కడ ఉంటుంది, గొయ్యి తెరిచే ఉంటుంది. మొరం లారీ వచ్చేలోపు మండలి నుంచి ఒక మనిషి, మూత గట్టిగా బిగిసే నాలుగు గాజు సీసాలతో ఆ గొయ్యి దగ్గరికి రావాలి.