ఆకు పసరు పట్టీ కావాలంటే

కోత కోస్తుండగా కొడవలి వేలికి తగిలితే పల్లెటూళ్లో చెయ్యి ముందు పోయేది గడ్డి చామంతి మీదికే. గట్టు మీది నాలుగాకులు తుంచి, అరచేతిలో నలిపి పసరు పిండితే చురుక్కుమంటుంది, కాసేపటికి నెత్తురు కడుతుంది. గాయపాకు అన్న పేరు అందుకే వచ్చింది. ఒకప్పుడు బడిపిల్లలు దీన్నే బొగ్గుతో కలిపి పలకకు రుద్దేవారు. తమాషా ఏమిటంటే, ఇంతగా మనదైపోయిన ఈ మొక్క అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ పాతుకున్నది.

ఇలాంటి ఆకుల సారంతో యాంటీఆక్సిడెంట్ (కణాలను దెబ్బతీసే పదార్థాలను అణచే) స్కిన్ ప్యాచ్‌లు చేయడం ఫార్మసీ కాలేజీల్లో ఇప్పుడు మామూలైంది. మంచి పనే. ఆకును నీడన ఆరబెట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. పాలీవినైల్ ఆల్కహాల్ లాంటి పాలిమర్ ద్రావణంలో దాన్ని కలిపి, పెళుసెక్కకుండా కాస్త గ్లిజరిన్ చేర్చి, గాజు పళ్లెంలో పోసి ఆరనిస్తారు. ఆరాక అప్పడం కంటే పల్చటి పొర ఊడివస్తుంది. ఎన్ని మడతలకు తెగుతుందో లెక్కపెడతారు. తర్వాత సారానికి యాంటీఆక్సిడెంట్ బలం ఎంతో చూసే డీపీపీహెచ్ పరీక్ష: ఊదారంగు ద్రావణంలో సారం పడితే రంగు విరిగి పసుపుకు తిరుగుతుంది. విటమిన్-సితో పోల్చి ఒక అంకె వేస్తారు. థీసిస్ అయిపోతుంది.

మా పేచీ అక్కడే. ఆ ఊదారంగు టీ డికాక్షన్ పోసినా పోతుంది. చర్మం పైపొర దాటాలంటే అణుభారం 500 డాల్టన్ల (అణువు బరువుకు కొలమానం) లోపు ఉండాలన్నది ఈ రంగంలో అందరూ ఎరిగిన లెక్క. చాలా ఆకుల్లో ఉండే క్వెర్సెటిన్ అనే రసాయనం భారం 302. దానికే చక్కెరలు అతుక్కున్న రూటిన్ 610. సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్ అయితే 959. వీటిలో ఏది ఎంత లోపలికి దిగిందో చూడకుండా ప్యాచ్ పనిచేసిందనడం తొందరపాటు.

తెగిన చర్మం సంగతి వేరు, అక్కడ అడ్డుపొరే ఉండదు. కానీ పచ్చి గాయం మీద వేసే పట్టీలో సూక్ష్మజీవి అన్నది ఉండకూడదు. పైగా గడ్డి చామంతి మన వయ్యారిభామ కుటుంబానిదే. ఆ కుటుంబపు మొక్కలు కొందరి ఒంటికి పడవు, దద్దుర్లు లేస్తాయి.

దారి లేక కాదు. కేంద్రం 2015లో ఫైటోఫార్మాస్యూటికల్స్ అని ఒక తరగతి పెట్టింది. శుద్ధి చేసిన మొక్క సారంలో కనీసం నాలుగు రసాయనాలను గుర్తించి కొలిచి చూపితే, మందుగా అనుమతి కోరవచ్చు. వానల్లో కోసిన ఆకు, ఎండల్లో కోసిన ఆకు ఒక్కలా ఉండవు కాబట్టి ఆ కొలత తప్పదు. చర్మం పరీక్షకు ఫ్రాంజ్ సెల్ ఉంది: రెండు గాజు గదుల మధ్య పంది చెవి చర్మం బిగించి, పైన పట్టీ వేసి, కిందికి గంటగంటకూ ఎంత దిగిందో కొలుస్తారు. ఆ చెవులు కబేళాలో దొరికేవే.

పట్టాలిచ్చే విశ్వవిద్యాలయాలు ఒక్క షరతు పెట్టాలి. శీర్షికలో ప్యాచ్ అని రాసినవారు, అందులోంచి చర్మం దాటి ఎంత దిగిందో చూపే పట్టిక కూడా థీసిస్‌లో పెట్టాలి. ఏమీ దిగకపోతే ఆ మాటే రాయాలి, దానికి మార్కులు కోయకూడదు. వచ్చే విద్యా సంవత్సరం నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.