కేసుల భయం కాదు, కేళీల భయం ఉండాలి

ఇంటి విత్తనం, అంటే మన పంటలోంచే దాచుకున్న విత్తనం, వాడితే కంపెనీ కేసు పెడుతుందని ఒక వ్యాసంలో రాశారు. అది తప్పండీ. 2001 నాటి మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షిత రకాన్ని (ఈ చట్టం కింద నమోదైన రకాన్ని) బ్రాండ్ లేబుల్ వేసి అమ్మకూడదు, అంతే.

మన నెల్లూరు వరిలో ఎన్‌ఎల్‌ఆర్ 34449 లాంటి సూటి రకాలకు (హైబ్రిడ్ కానివాటికి) ఇంటి విత్తనం బాగానే సరిపోతుంది. హైబ్రిడ్‌కి మాత్రం వద్దు, రెండో ఏడు చేను ఎగుడుదిగుడుగా వస్తుంది.

విత్తనం కల్తీ అయ్యేది ఎక్కువగా కోత మిషన్ దగ్గరే. పక్క చేలో గింజలు దాని ట్యాంకులో మిగిలి ఉంటాయి కాబట్టి మొదటి నాలుగైదు బస్తాలు విత్తనానికి తీయొద్దు. అంతకుముందే, ఈనిక దశలోనే (వెన్ను పైకి వచ్చేటప్పుడే) కేళీలు, అంటే చేలో కలిసిన వేరే రకం మొక్కలు, పీకాలి. తేమ 13 శాతానికి దించి నిల్వ చేయండి. నారు పోసే ముందు 100 గింజలు తడి గోనెలో చుట్టి చూడండి, 80 మొలవకపోతే ధృవీకరించిన విత్తనమే కొనండి.