ఫుల్చీ కుక్కల్ని కోయలేదు

ఈ నెలలో ఆ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. "ఇటలీ హారర్ డైరెక్టర్ లూచియో ఫుల్చీ షూటింగ్‌లో బతికున్న కుక్కల పొట్టలు కోసి జైలుకెళ్ళాడు. జీవితమంతా రక్తం సినిమాలే తీశాడు. జాంబీ సినిమాని అమెరికా వాళ్ళ దగ్గర కాపీ కొట్టాడు. చివరికి మూగజీవాల ఉసురు తగిలి పోయాడు." పంపినవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళే. అందుకే ఊరుకోలేకపోతున్నా.

రక్తం సినిమాలే తీశాడా? 1959లో ఆయన మొదటి సినిమా ఇటలీ హాస్యనటుడు టోటోతో తీసిన కామెడీ. తర్వాత ఇరవై ఏళ్ళు కామెడీలు, పాటల సినిమాలు, కౌబాయ్ వెస్టర్న్‌లు, మర్డర్ మిస్టరీలు. జాంబీల (లేచి తిరిగే శవాల) దగ్గరికి వచ్చేసరికి వయసు 52.

కాపీ సంగతి. అమెరికా డైరెక్టర్ జార్జ్ రొమెరో తీసిన జాంబీ సినిమా ఇటలీలో 'జాంబీ' పేరుతో ఆడింది. ఆ ఊపులో ఫుల్చీ సినిమాకి 'జాంబీ 2' అని పేరు తగిలించారు. పేరు వరకు అది వ్యాపారమే, ఒప్పుకుంటా. కానీ రొమెరో కథ షాపింగ్ మాల్‌లో, ఫుల్చీ కథ కరీబియన్ దీవిలో, వూడూ అనే అక్కడి మంత్రతంత్రాల చుట్టూ. రెంటికీ పోలికే లేదు.

ఇక కుక్కలు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. 1971లో వచ్చిన 'ఎ లిజర్డ్ ఇన్ ఎ ఉమన్స్ స్కిన్'లో హీరోయిన్ ఒక ఆసుపత్రి గదిలోకి పరిగెత్తుతుంది. లోపల పొట్టలు చీల్చిన కుక్కలు, గుండెలు ఇంకా కొట్టుకుంటూ ఉంటాయి. అవి బొమ్మలు. చేసినవాడు కార్లో రాంబాల్డి. అవి ఎంత నిజంలా ఉన్నాయంటే ఫుల్చీ మీద నిజంగానే కేసు పడింది. రాంబాల్డి ఆ బొమ్మల్ని కోర్టుకే తీసుకెళ్ళి చూపించాడు. ఫుల్చీ జైలుకి వెళ్ళలేదు. అదే రాంబాల్డి తర్వాత 'ఈ.టి.'లో ఆ గ్రహాంతర జీవిని చేసి ఆస్కార్ అందుకున్నాడు. ఈ.టి.ని చూసి ఏడ్చినవాళ్ళే ఆ చేతుల పనిని హత్య అంటున్నారు! పైగా ఆ కుక్కల సినిమా వచ్చిన రెండేళ్ళకి ఫుల్చీ తీసిన సినిమా 'వైట్ ఫాంగ్'. దాంట్లో హీరో కుక్కే.

నిజం జంతువుల్ని కెమెరా ముందు చంపిన ఇటలీ సినిమా ఒకటి ఉంది. 1980లో రుజెరో డియోడాటో తీసిన 'కానిబల్ హోలోకాస్ట్'. నటుల్ని నిజంగానే చంపాడన్న అనుమానం వచ్చి, వాళ్ళు బతికే ఉన్నారని రుజువు చేసుకోవాల్సి వచ్చిందీ ఆయనకే. మనిషి వేరు, సినిమా వేరు, సంవత్సరం వేరు. పాతికమందికి పంపే ఓపిక ఉన్నప్పుడు డైరెక్టర్ పేరు ఒక్కసారి చూసుకునే ఓపిక ఎందుకు ఉండదు?

ఉసురట! ఫుల్చీ ఏళ్ళ తరబడి షుగర్‌తో బాధపడి, 1996లో 68వ ఏట పోయాడు. అప్పటికి ఇంకో ఇటలీ హారర్ డైరెక్టర్ డారియో అర్జెంటో నిర్మాణంలో కొత్త సినిమాకి సిద్ధమవుతున్నాడు. మన ఇళ్ళలో షుగర్‌తో పోయినవాళ్ళ గురించి కూడా ఇలాగే మాట్లాడతామా?

ఆయన్ని తిట్టాలనే ఉంటే 1982 నాటి 'ది న్యూయార్క్ రిప్పర్' గురించి తిట్టండి. ఆడవాళ్ళని చంపే దృశ్యాల్ని అంత సాగదీసి చూపించాల్సిన అవసరం ఆ కథకి లేదు. బ్రిటన్ సెన్సార్ సర్టిఫికెట్ నిరాకరించింది. ఆయన సినిమాలంటే ప్రాణం పెట్టే నేను కూడా దాన్ని సమర్థించలేను, రెండోసారి చూడలేను. అది మాత్రం మీ మెసేజ్‌లో ఎక్కడా లేదు.