మోటుపల్లికి చదువుకుని వెళ్దాం

రోమ్‌కి ఏమీ చదవకుండా వెళ్లినా పెద్ద నష్టం లేదు. కొలోసియం ముందు నిలబడితే చాలు, దాని గొప్పతనం అదే చెప్పుకుంటుంది. మన కోస్తా అలా కాదు. చీరాల దాటాక చినగంజాం దగ్గర మోటుపల్లికి వెళ్తే ఓ పాత గుడి, ఇసుక తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. చైనా కర్పూరం దిగిన రేవు ఇదేనంటే మన పిల్లలు నమ్మరు. అందుకే ఇండియా ట్రిప్పులో అటువైపు బీచ్‌లకు వెళ్లేవాళ్లు రిసార్టు బుక్ చేసుకున్నాక ఓ గంట చదువుకోవాలంటాను.

ఏం చదవాలి? వాట్సాప్‌లో తిరిగే ‘మన ఘన చరిత్ర’ మాత్రం వద్దు. దానికన్నా చదవకపోవడమే నయం. అక్కడి వీరభద్రుడి గుడిలో స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది, అది చదవండి. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ఈ మాట ఓ రాజే రాతిమీద చెక్కించాడు! ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చినవాళ్లు కనుక, దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నామన్నాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. చేతికి బంగారు గాజులతో కస్టమ్స్ లైన్లో నిలబడి టెన్షన్ పడ్డవాళ్లకి ఈ అభయం విలువ వేరే చెప్పాలా! కింద చందనం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, మిరియాలు అంటూ సరుకుల పట్టీ కూడా ఉంది.

తర్వాత మార్కోపోలో ఈ రాజ్యం గురించి రాస్తూ, సాలెగూడంత పల్చటి బట్టల్ని, పాలిస్తున్న రాణిని మెచ్చుకున్నాడు. కానీ ఆవిడ చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు కదా! ఆయన కూడా కాస్త చదువుకుని రావలసింది.

బందరు వైపు వెళ్తే 1864 ఉప్పెన గురించి తెలుసుకోండి. దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ లెక్క తెలిశాక మంగినపూడిలో పిల్లల్ని నీళ్లలోకి వదిలేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉంటాం.

మోటుపల్లి శాసనం ఇంగ్లిష్ అనువాదంతో సహా, పాత శాసనాలను అచ్చువేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 12వ సంపుటంలో ఉంది. తెలుగు చదవడం రాని పిల్లలకీ ఇబ్బంది లేదు. ప్రింటు తీసి కారులోనే వాళ్ల చేతికిస్తే సరి.