సముద్రపు పావురం పిల్లకు బారసాల

న్యూజెర్సీ తీరంలో ఒక హోటల్. మెనూ తిరగేస్తున్న మా ఆవిడ ఒకచోట వేలు పెట్టి ఆగింది. "ఏమండీ, సీ స్క్వాబ్ అంట. స్క్వాబ్ అంటే ఏంటి?"

ఫోన్లో చూసి చెప్పాను. పావురం పిల్ల. ఇంకా ఎగరడం రానిది.

"సముద్రంలో పావురాలేంటి?"

వెయిటర్ కుర్రాణ్ణి పిలిచి, ఇది పక్షా చేపా అని అడిగాను. "చాలా లైట్‌గా ఉంటుంది సర్" అన్నాడు. జాతి అడిగితే బరువు చెప్పాడు. మళ్ళీ అడిగితే వంటింట్లోకి వెళ్ళొచ్చి, పెళ్ళికొడుక్కి విగ్గుందని ఒప్పుకునే మధ్యవర్తిలా గొంతు తగ్గించి "పఫర్ ఫిష్" అన్నాడు.

పఫర్ మీకు తెలిసిందే. బెదిరితే నీళ్ళు మింగి బంతిలా ఉబ్బిపోతుంది. జపాన్‌లో దాన్ని ఫుగు అంటారు. ఒంట్లో విషముంటుంది కాబట్టి ఎవరు పడితే వాళ్ళు కోయకూడదు, అర్హత ఉన్నవాళ్ళే కోయాలి. ఒసాకా వాళ్ళు దానికి పెట్టుకున్న ముద్దుపేరు తెప్పో. అంటే తుపాకీ. తగిలిందా, పోయావే. దాని పచ్చి ముక్కలు తెస్సా, కుండలో ఉడికిస్తే తెచ్చిరి. రెండు పేర్లలోనూ ఆ తుపాకీయే ఉంది. తుపాకీ అని చెప్పి మరీ వడ్డిస్తున్నారు, జనం తింటూనే ఉన్నారు. అమెరికా మెనూకి మాత్రం పావురం పిల్ల కావలసి వచ్చింది. ఆ స్క్వాబ్ కూడా ముసుగే అనుకోండి. పావురం అని రాస్తే బాల్కనీలో రెట్టలు గుర్తొస్తాయి కదా! ముసుగు మీద ఇంకో ముసుగు.

చీసాపీక్ తీరం వాళ్ళు ఇదే చేపను షుగర్ టోడ్ అంటారు. చక్కెర కప్ప. నేతిబీరకాయలో నెయ్యెంతో ఇందులో చక్కెర అంత. అయినా వాళ్ళే నయం, కప్ప అనైనా ఒప్పుకున్నారు.

రుచితో నాకు పేచీ లేదు. అట్లాంటిక్‌లో వర్జీనియా నుంచి న్యూయార్క్ దాకా దొరికే నార్తర్న్ పఫర్ జపాన్ చేపంత గండం కూడా కాదు. గరుకు కాగితం లాంటి తోలు ఒలిస్తే వెన్నుకి అటూ ఇటూ రెండు తెల్లటి కండలుంటాయి. తోకతో సహా వేయిస్తే అచ్చం లెగ్ పీస్. ఒకప్పుడు వలలో పడితే విసిరేసేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, మాంసానికి రేషన్ పెట్టారు. అలాంటి రోజుల్లో ఈ దిక్కులేని చేపకు గిరాకీ వచ్చింది. గిరాకీ వచ్చాక పేరు పెట్టకుండా ఉంటారా?

ఆ బారసాల నా కళ్ళకు కట్టినట్టుంది. పళ్ళెంలో బియ్యం. పట్టుబట్టల్లో మార్కెటింగ్ మేనేజరు. ఇంతమందిని చూసి బెదిరిన బిడ్డ ఉబ్బిపోయి ఉయ్యాలకు అడ్డంగా ఇరుక్కుంది. మేనత్త హోదాలో పటగోనియన్ టూత్‌ఫిష్ వచ్చింది. పళ్ళ చేపంటే ఎవరు కొంటారని 1977లో లీ లాంట్జ్ అనే దిగుమతిదారు ఆవిడ పేరు చిలియన్ సీ బాస్ అని మార్చాడు. ఆవిడ బాస్ జాతే కాదు. అయితేనేం, అప్పట్నుంచి ఒంటినిండా బంగారమే. పక్కన పిన్నిగారు స్లైమ్‌హెడ్, అంటే జిగట తల. "ఆ పేరెత్తకండి, ఇప్పుడు నేను ఆరెంజ్ రఫీని" అని మూతి తిప్పుకుంది. 2022లో ఇల్లినాయిస్ వాళ్ళు ఏషియన్ కార్ప్ పేరు తీసేసి కోపీ అని పెట్టిన బొద్దు బాబాయి భోజనాల దగ్గరే తచ్చాడుతున్నాడు.

"నక్షత్రం ప్రకారం ఏ అక్షరం వచ్చిందండీ?"

"విషంలో 'వి' వచ్చింది."

"అబ్బే, నక్షత్రం వదిలేయండి. ప్లేటు ధర ప్రకారం చూడండి."

చూశారు. బియ్యంలో ఉంగరంతో రాశారు. మేనత్త వంగి మూడుసార్లు "స్క్వాబ్, స్క్వాబ్, స్క్వాబ్" అంది. చెవి ఎక్కడుందో తెలియక బుగ్గ మీద చెప్పింది. అందుకే ఇప్పటికీ ఆ చేపకు తన పేరు తెలీదు. పావురాల తరఫున ఎవరూ రాలేదు. వాళ్ళకి పిలుపే వెళ్ళలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ 2002 జనవరి నుంచి 2004 మే దాకా పఫర్ తిని 28 మంది జబ్బుపడ్డారు. ఫ్లోరిడాలోనే కాదు, న్యూజెర్సీ, వర్జీనియా, న్యూయార్క్‌లలో కూడా. చేపలన్నీ ఫ్లోరిడాలోని ఇండియన్ రివర్ లగూన్‌వి. సాక్సిటాక్సిన్ అనే విషం. వండినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. పెదాలు తిమ్మిరెక్కుతాయి, ముదిరితే ఊపిరే ఆడదు. ఆ చుట్టుపక్కల కౌంటీల్లో ఆ రాష్ట్రం పఫర్ పట్టడమే మాన్పించింది. అంటే ప్రాణం ఆధారపడేది ఏ పఫరో, ఏ నీళ్ళదో అన్న రెండు ముక్కల మీద. సీ స్క్వాబ్ అనే మాట సరిగ్గా ఆ రెండు ముక్కలే మింగేస్తుంది.

2007లో షికాగోలో మాంక్‌ఫిష్ అనే వేరే చేప పేరు రాసిన పెట్టెలోంచి చేప కొని, ఇంట్లో సూప్ పెట్టుకుని తిన్నవాళ్ళలో ఇద్దరు జబ్బుపడ్డారు. పరీక్ష చేస్తే పఫర్లలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం బయటపడింది. అది పఫరే కావచ్చని 282 పెట్టెలు వెనక్కి రప్పించారు. ఆ విషానికి విరుగుడు మందు లేదు. ఊపిరి నిలబెట్టి, అది ఒంట్లోంచి పోయేదాకా కాచుకోవడమే. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో డాక్టరు "ఏం తిన్నారు?" అంటే, నాలుక తిమ్మిరెక్కిన మనిషి ఏం చెప్పాలయ్యా? పావురం పిల్ల తిన్నాననా?

పేర్ల పట్టింపు ఆ దేశానికి లేక కాదు. వియత్నాం చేప చౌకగా వచ్చి తమ చెరువుల రైతుల బేరం పోతోందనగానే 2002లో అమెరికా కాంగ్రెస్ చట్టమే చేసింది, తమ జాతి చేప తప్ప ఇంకేదీ క్యాట్‌ఫిష్ అనిపించుకోకూడదని. ఆ వియత్నాం చేపలో విషం లేదు. ధర తక్కువ, అంతే. అమ్మేవాడి జేబుకి చిల్లు పడితే పేరు చట్టం. తినేవాడి ప్రాణం మీదికొస్తే పేరు కవిత్వం! సిగ్గుండక్కర్లా?

మా ఆవిడ రెండు ముక్కలు తిని, "బానే ఉంది, పులుసు పెడితే ఇంకా బావుండేది" అంది. ఎక్కడ పట్టారని కుర్రాణ్ణి అడిగాను. లోకలే అన్నాడు. మిగిలింది ప్యాక్ చేయమన్నాం. డబ్బాలు కలిసిపోకుండా మూత మీద మార్కర్‌తో రాసిచ్చాడు: చికెన్.